కారే బండికి మందు పోయవచ్చా?



ఈ నెల గోడపత్రికకు నేను పాత బండ్ల గురించి రాస్తున్నాను. ఆడపిల్లకు బండ్ల సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చు. కాని మన హాస్టల్‌లో చాలామంది ఇండ్లు బండి మీదనే నడుస్తున్నాయి. ఒకరి నాయనది ఆటో, ఒకరి అన్నది ట్రాక్టరు, మా కాకాది ట్రాలీ. బండి ఆగితే ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది.

మాది కాజీపల్లి పారిశ్రామికవాడ పక్కన తండా. మా కాకా గడ్డపోతారం, బొల్లారం, పటాన్‌చెరు వైపు అట్టపెట్టెలు, ఖాళీ డ్రమ్ములు కిరాయికి వేస్తాడు. ఆ ట్రాలీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పాత బండి అంటే ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటది. రేడియేటర్ నుంచి నీళ్ళు, ఇంజన్ కింద నుంచి ఆయిలు. అప్పుడు డ్రైవర్లు చెప్పేది ఒకటే మాట: "ఇంత పసుపు పొయ్యి, పట్టుకుంటది." కొందరు దుకాణంలో లీకు ఆపే మందు డబ్బా కొంటారు. ఇది నిజంగా పనిచేస్తుందా? సైన్సు పాఠంలో చదివింది, మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

1. నీళ్ళు కారితే

ఇంజన్‌లో పుట్టే వేడిని నీళ్ళు మోసుకొని రేడియేటర్‌లోకి తెస్తాయి. అక్కడ సన్నని గొట్టాలలో పారుతూ గాలికి చల్లబడి మళ్ళీ ఇంజన్‌లోకి పోతాయి. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని మనం చదువుకున్నాం. కాని రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని ఆపి ఉంచుతుంది కనుక అక్కడ సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. ప్రెషర్ కుక్కర్ లాగానే. చిల్లు పడితే నీళ్ళు పోతాయి, ఒత్తిడి కూడా పోతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే హెడ్ వంగుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. ఇంకా నడిపితే ఇంజన్ సీజ్ అవుతుంది.

పసుపులో పిండి, పీచు ఉంటాయి. అవి వేడి నీళ్ళలో ఉబ్బుతాయి. చిల్లులోంచి నీళ్ళు బయటికి తోసుకొచ్చేటప్పుడు ఆ ఉబ్బిన పొడి కూడా అటే వచ్చి ఇరుక్కుంటుంది. కాలువ గండికి చెత్త అడ్డం పడినట్టు. డబ్బా మందుల్లోనూ దాదాపు ఇదే ఉపాయం. కొన్నింటిలో పీచు, సన్నని లోహపు పొడి ఉంటాయి. కొన్నింటిలో సోడియం సిలికేట్ ఉంటుంది, అది చిల్లు దగ్గర గాజులాగా గట్టిపడుతుంది.

కాబట్టి మందు ఉత్త మోసం అనలేము. 1958లో అమెరికా వారి అణు జలాంతర్గామి నాటిలస్‌కు కండెన్సర్‌లో లీకు వచ్చింది. ఎక్కడ కారుతుందో దొరకలేదు. నావికులు మామూలు బట్టలు వేసుకొని సియాటిల్ ఊరిలోకి పోయి, కార్ల రేడియేటర్లకు పోసే మందు డబ్బాలు కొనుక్కొచ్చి పోశారు. లీకు ఆగింది. ఆ ఏడాది ఆగస్టు 3న ఆ జలాంతర్గామి మంచు కింది నుంచి ఉత్తర ధ్రువం చేరింది. అయితే వాళ్ళ వెనుక పెద్ద నౌకాదళం ఉంది. మా కాకా వెనుక రోడ్డు పక్క మెకానిక్ ఒక్కడే ఉన్నాడు.

ఇప్పుడు నష్టం చెబుతాను. ఏది చిల్లో, ఏది నీళ్ళ దారో పసుపుకు తెలియదు. మా దిక్కు బోరు నీళ్ళు చవుడు నీళ్ళు. కాగబెడితే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటర్ గొట్టాలలో కూడా కట్టి దారి ముందే ఇరుకు చేస్తుంది. అందులో పసుపు పోస్తే మిగిలిన దారి కూడా మూసుకుపోతుంది. మా కాకా మొదటిసారి గుప్పెడు పోస్తే ఎనిమిది రోజులు పట్టుకుంది. మళ్ళీ కారితే మళ్ళీ పోశాడు. మూడోసారికి లోడుతో పోతుంటే బండి ఆవిరి కక్కి ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూస్తే లోపల పసుపు పచ్చటి బురద. చిల్లుకు మాటు వేయిస్తే ఒక్కరోజు కిరాయితో పోయేది. గొట్టాలు కడిగించి, హెడ్ గాస్కెట్ మార్పించే సరికి మూడు వారాల కిరాయి పోయింది. చిన్నమ్మ చెవి కమ్మలు కుదువకు పోయినయి.

2. ఆయిలు కారితే

ఇంజన్‌లో తిరిగే ఇరుసుల దగ్గర రబ్బరు సీళ్ళు ఉంటాయి. ఏండ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి కొంచెం ముడుచుకుంటుంది. ఆ సందులోంచి ఆయిలు కారుతుంది. ఇక్కడ వాడే మందు రబ్బరును మెత్తబరిచి కొద్దిగా ఉబ్బిస్తుంది. కొన్ని రోజులు నడిచాకే ఫలితం కనపడుతుంది. సన్నగా చెమ్మ కారే పాత బండికి ఇది కొంత పనిచేయవచ్చు. రబ్బరు చినిగినా, ఇనుము పగిలినా ఏ మందూ పనిచేయదు. ఎక్కువ పోస్తే బాగున్న సీళ్ళు కూడా ఉబ్బి పాడవుతాయి.

మందు కొనేముందు చూడవలసినవి: బోల్టులు వదులయ్యాయా, ఆయిల్ ఫిల్టర్ బిగువుగా ఉందా, ఇంజన్ ఊపిరి గొట్టం మూసుకుపోయిందా. ఆ గొట్టం మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడికి ఆయిలు సీళ్ళ నుంచి తన్నుకొస్తుంది. దాన్ని శుభ్రం చేస్తే పైసా ఖర్చు లేకుండానే కొన్నిసార్లు కారడం తగ్గుతుంది. రోగం తెలియకుండా మందు వేయకూడదు కదా.

3. వీటికి అసలు పోయకూడదు

బ్రేక్ ఆయిల్ కారితే బండి అక్కడే ఆపాలి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజన్ మందు గాని, ఇంజన్ ఆయిల్ గాని పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పట్టవు. ట్రాలీ వెనుక కూలికి పోయే అమ్మలక్కలు కూర్చుంటారు. ఇక్కడ లెక్క పైసలది కాదు, ప్రాణాలది.

డీజిల్ ట్యాంకు కారితే డ్రైవర్లు సబ్బు రుద్దుతారు. అది మెకానిక్ దాకా పోవడానికే. బీడీ, అగ్గిపెట్టె దగ్గరికి రానివ్వవద్దు.

4. కారింది ఎక్కడికి పోతుంది?

నేలలోకి, వానొస్తే చెరువులోకి. రంగు కూలెంట్‌లో ఎథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంటుంది. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, కిడ్నీలు చెడిపోయి చనిపోతాయి. పటాన్‌చెరు ప్రాంత ఫ్యాక్టరీల మురికినీళ్ళ మీద 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. నక్కవాగు, కాజీపల్లి చెరువు పడ్డ బాధ మన పెద్దలకు తెలుసు. మనం కూడా దానికి ఇంకో చుక్క కలపకూడదు. కారుతుంటే కింద పాత తట్ట పెట్టాలి.

5. మందు పోసి అమ్మవచ్చా?

బండి అమ్ముదామని కాకా అనుకున్నప్పుడు బేరగాడు ఒకడు వచ్చి, "మందు పోసి అమ్ము, నెల దాకా చుక్క రాదు" అన్నాడు. మా దాది ఒప్పుకోలేదు. "కొనేటోడు గూడ అప్పు చేసే కొంటడు బేటా" అన్నది. కాకా కారే చోటు చూపించి ధర చెప్పాడు. కొనడానికి వచ్చినాయన తక్కువకు అడిగి వెళ్ళిపోయాడు. బండి ఇంకా మా ఇంటి ముందే ఉంది, అప్పు కూడా ఉంది. అయినా దాది మాటే సరైనదని నాకు అనిపిస్తుంది.

మీ ఇంట్లో పాత బండి కొంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడమనండి. లోపల బురద, పసుపు రంగు కనపడితే మందు పోశారని అనుమానించాలి. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్ళు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి, జాగ్రత్త.

చివరి మాట

నడిరోడ్డు మీద, రాత్రిపూట, ఇల్లు చేరడానికి వేరే దారి లేకపోతే నీళ్ళ లీకుకు మందు పోయవచ్చు. ఒక్కసారే, కొంచెమే. తెల్లారి మెకానిక్‌కు పోసిన సంగతి దాచకుండా చెప్పి, కడిగించి, మాటు వేయించాలి. ఆయిల్ చెమ్మకు, మిగతావన్నీ చూసిన తరువాతనే. బ్రేకుకు ఎన్నడూ వద్దు.

మీ ఇండ్లలో వాడే ఉపాయాలు ఏమైనా ఉంటే రాసి ఇవ్వండి. వచ్చే నెల పత్రికలో పెడదాం.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని