పాటకు నేల కంపిస్తుందా?

మంచి పాటకు రాళ్ళు కరుగుతాయని పెద్దలు అంటూ ఉంటారు. రాళ్ళు కరగడం ఎవరూ చూడలేదు గాని, పాట సాగుతున్నంతసేపూ నేల కదలడం మాత్రం శాస్త్రజ్ఞులు చూశారు. చూడడమే కాదు, దాన్ని గీతగా గీసి మరీ చూపించారు. ఆ గీతను బట్టి పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో, కచేరీ ఎప్పుడు ముగిసిందో చెప్పవచ్చు!

ఇదేమి వింత అంటారా? నిదానంగా తెలుసుకుందాం.

గ్యారేజీ నుంచి మైదానానికి

అమెరికాలో 'ఫూ ఫైటర్స్' అనే వాద్యబృందం ఉంది. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు ప్రధానంగా సాగే సంగీతాన్ని 'రాక్' అంటారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బజారులో బాగా అమ్ముడుపోయే బాణీల వెంట పడకుండా, తమ దారిన తాము వాయించుకున్న బృందాల సంగీతానికి 1980లలో 'ఆల్టర్నేటివ్ రాక్' అనే పేరు స్థిరపడింది. ఫూ ఫైటర్స్ ఆ కోవకు చెందినవారు.

వీరు 2011 ఏప్రిల్‌లో 'వేస్టింగ్ లైట్' అనే ఆల్బం విడుదల చేశారు. అప్పటికి పాటల రికార్డింగు చాలావరకు కంప్యూటర్ల మీదే జరుగుతున్నది. వీరు మాత్రం కంప్యూటర్లను పక్కన పెట్టి, బృంద నాయకుడు డేవ్ గ్రోల్ ఇంటి గ్యారేజీలో, పాతకాలపు అయస్కాంత టేపు మీద ఆల్బం మొత్తం రికార్డు చేశారు. వాయిద్యం గాలిని కదిలిస్తుంది. గాలి మైకులోని పల్చని పొరను కదిలిస్తుంది. ఆ కదలిక విద్యుత్తుగా మారి, టేపు మీద అయస్కాంతపు గుర్తుగా మిగిలిపోతుంది. అంటే ఆల్బంలో నమోదయ్యేది వాయించేవారు పుట్టించిన గాలి కంపనమే. వినేవారికి అందులో చోటు లేదు.

ఇక అదే ఏడాది డిసెంబరు 13న ఏం జరిగిందో చూడండి. ఆ రాత్రి ఈ బృందం న్యూజీలాండ్‌లోని ఆక్‌లండ్ నగరంలో, వెస్టర్న్ స్ప్రింగ్స్ అనే ఆరుబయలు మైదానంలో కచేరీ చేసింది. దాదాపు 50,000 మంది వచ్చారు. న్యూజీలాండ్ భూకంపాల దేశం. అక్కడ 'జియోనెట్' అనే సంస్థ దేశమంతటా భూకంప లేఖినులను అమర్చి, రేయింబవళ్ళు నేలను కనిపెట్టి ఉంటుంది. ఆ రాత్రి మైదానానికి దగ్గరలో ఉన్న పరికరాలు ఒక విచిత్రమైన కదలికను నమోదు చేశాయి. నేల సెకనుకు సుమారు 3 సార్లు క్రమబద్ధంగా ఊగింది. పాట జోరందుకున్నప్పుడు గీత పెద్దదైంది. పాటకూ పాటకూ మధ్య చిన్నదైంది. కచేరీ ముగిశాక సద్దుమణిగింది.

ఆ గీతను గీసినది ఏమిటి? పెద్ద పెద్ద స్పీకర్లా? మరేదైనానా? దీనికి జవాబు చెప్పాలంటే భూకంప లేఖిని ఎలా పని చేస్తుందో ముందు తెలియాలి.

నేలకు చెవి పెట్టే యంత్రం

ఇందుకోసం అంత దూరం పోనక్కర లేదు. హైదరాబాదులో తార్నాక నుంచి ఉప్పల్ వైపు మెట్రో రైలు ఎక్కండి. హబ్సీగూడ దాటాక 'ఎన్‌జీఆర్‌ఐ' అనే స్టేషను వస్తుంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. ఒక వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరో వైపు రామంతాపూర్, ఈ రెండింటి నడుమ ఉన్న ఈ సంస్థ ఆవరణలో భూకంప పరిశీలన కేంద్రం ఉంది. ప్రపంచమంతటా విస్తరించిన 'జియోస్కోప్' కేంద్రాలలో ఇది కూడా ఒకటి. ఎక్కడో సముద్రం అవతల పెద్ద భూకంపం వస్తే, ఆ తరంగాలు భూమి లోపలి నుంచి ప్రయాణించి వచ్చి ఇక్కడి పరికరాన్ని కదిలిస్తాయి.

ఈ పరికరంలోని కీలకం మీరు రోజూ బస్సులో అనుభవించేదే. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవారు వెనక్కి తూలుతారు. కాళ్ళు బస్సుతో పాటు ముందుకు పోతాయి, శరీరం మాత్రం ఉన్నచోటనే ఉండాలని చూస్తుంది. దీన్నే జడత్వం అంటారని మీరు చదువుకున్నారు. భూకంప లేఖినిలో ఒక బరువును స్ప్రింగుకు వేలాడదీస్తారు. నేల కదిలితే పెట్టె కదులుతుంది, బరువు కదలకుండా ఉండాలని చూస్తుంది. ఈ రెండింటి మధ్య వచ్చే తేడాయే గీతగా మారుతుంది. పూర్వం ఈ గీతను తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద గీసేవారు. ఇప్పుడు విద్యుత్ సంకేతంగా మార్చి కంప్యూటరులో భద్రపరుస్తారు. కంటికి ఆనని కదలిక కూడా ఇందులో తెలుస్తుంది.

ఇంతటి సున్నితమైన పరికరానికి ఒక చిక్కు ఉంది. దానికి భూకంపమూ ఒకటే, లారీ కూడా ఒకటే. కదిలించింది ఎవరని అది అడగదు. ఏ గీత దేనిదో తేల్చవలసిన పని శాస్త్రజ్ఞులది.

స్పీకర్లా, కాళ్ళా?

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఒక చిన్న ప్రయోగం చేయండి. స్టీలు పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు పోసి చెక్కబల్ల మీద పెట్టండి. పాట పెట్టిన రేడియోను గాని, ఫోనును గాని చేత్తో పట్టుకుని, బల్లకు తగలకుండా పళ్ళేనికి కాస్త ఎడంగా ఉంచండి. నీరు దాదాపు నిశ్చలంగా ఉంటుంది. ఇప్పుడు పాట ఆపి, అదే తాళాన్ని అరచేత్తో బల్ల మీద మెల్లగా వేయండి. వెంటనే నీటిపై అలలు లేస్తాయి. పాట ఎంత బిగ్గరగా ఉన్నా లేవని అలలు చిన్న తాళానికి ఎలా లేచాయి?

కారణం ఇది. గాలి పల్చనిది. నేల బరువైనది, గట్టిది. గాలిలో వచ్చిన ధ్వని నేలను తాకితే, అందులోని శక్తి వెయ్యింట తొమ్మిది వందల తొంభై తొమ్మిది వంతులకు పైగా వెనక్కి తిరిగిపోతుంది. గోడకు రబ్బరు బంతి కొడితే గోడ కదలదు, బంతే వెనక్కి వస్తుంది కదా! అలాగన్నమాట. కాని కాలు నేరుగా నేలను తన్నుతుంది. నడుమ గాలి లేదు.

2023 ఆగస్టులో అమెరికాలోని లాస్ ఏంజలస్ ప్రాంతంలో టేలర్ స్విఫ్ట్ అనే గాయని కచేరీ జరిగినప్పుడు శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పట్టిపట్టి పరిశీలించారు. గీతలను చూసి, 45 పాటల్లో 43 పాటలను విడివిడిగా గుర్తుపట్టగలిగారు. అంతటితో ఆగక, పరిశోధకులలో ఒకామె స్పీకరులో బేస్ గిటారు వాయించి చూసింది. తర్వాత పాట పెట్టుకుని తానే పరికరం దగ్గర గెంతింది. కచేరీ నాటి కంపనాలను పోలినది గిటారు గీత కాదు, గెంతుల గీత! నేలను ఊపింది స్పీకర్లు కావు, జనం కాళ్ళే అని తేలింది.

ఆల్బం వాయించేవారిని నమోదు చేసింది. భూకంప లేఖిని వినేవారిని నమోదు చేసింది.

తాళం చేసే మాయ

సంత నాడు కూడా వేలమంది నడుస్తారు. అప్పుడు నేల ఇలా ఊగదేం? అక్కడ ఒకరి కాలు పైకి లేచినప్పుడు మరొకరి కాలు కింద పడుతుంది. దెబ్బలన్నీ కలగాపులగమై ఒకదాన్నొకటి చాలావరకు చెరిపేసుకుంటాయి. పాట వచ్చిందంటే సంగతి మారిపోతుంది. నిమిషానికి 120 దరువుల పాట అయితే సెకనుకు 2 దరువులు. ఒకరినొకరు ఎరగని వేలమంది అదే క్షణాన గెంతుతారు, అదే క్షణాన నేలకు దిగుతారు. వినాయక నిమజ్జనం నాడు తీన్‌మార్ డప్పుకు చిందులేసే కుర్రవాళ్ళను చూడండి. డప్పు వారందరి కాళ్ళనూ ఒకే తాడుతో కట్టినట్టు ఆడిస్తుంది.

ఈ గెంతులో శక్తి ఎంతో లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి 10 సెంటీమీటర్ల ఎత్తుకు గెంతితే: 60 × 9.8 × 0.1, అంటే సుమారు 60 జౌళ్ళు. 50,000 మంది ఒకేసారి గెంతితే 30 లక్షల జౌళ్ళు. అబ్బో అనుకుంటున్నారా? మీ ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు! యాభై వేల మంది ఒక్క గెంతులో ఖర్చు పెట్టింది ఒక యూనిట్ కరెంటు కూడా కాదు. అందులోనూ తరంగాలుగా నేలలోకి పోయేది కొద్ది భాగమే.

మరి దీన్ని భూకంపం అనవచ్చునా? 2023 జూలైలో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఇదే గాయని కచేరీకి వచ్చిన కదలికను 2.3 పరిమాణం గల భూకంపంతో పోల్చారు. పత్రికలు దాన్ని పెద్దగా రాశాయి. కాని పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందని గుర్తుంచుకోండి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపం పరిమాణం 5.3. హైదరాబాదులో కూడా చాలామందికి అది తెలిసింది. 2.3కూ 5.3కూ తేడా మూడు అంకెలే. శక్తిలో తేడా 32 × 32 × 32, అంటే సుమారు 32 వేల రెట్లు! పైగా భూకంపం తన శక్తిని క్షణాలలో వదిలేస్తుంది. కచేరీ గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. కనుక పాటకు భూకంపం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

భయం నేలతో కాదు

అయితే భయపడవలసింది ఏమీ లేదా? ఉంది. అది నేలతో కాదు, మనం కట్టిన వాటితో.

ఉయ్యాల ఊపడం మీకు తెలుసు. గట్టిగా తోయనక్కర లేదు. అది వెనక్కి వచ్చి తిరిగే క్షణాన మెల్లగా తోస్తే చాలు, ఊపు పెరుగుతూ పోతుంది. ప్రతి వస్తువుకూ ఇలా తనదంటూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. మనం కొట్టే దెబ్బల పౌనఃపున్యం దానితో కలిస్తే చిన్న దెబ్బలే పెద్ద ఊపు అవుతాయి. దీనినే అనునాదం అంటారు. వంతెనకు, బాల్కనీకి, మేడకు, పండుగ వేదికకు కూడా ఇది వర్తిస్తుంది.

1831లో ఇంగ్లండులోని బ్రాటన్ వేలాడే వంతెన మీద సైనికులు కదం తొక్కుతూ నడుస్తుండగా వంతెన కూలింది. ఆ తర్వాత వంతెనల మీద కదం తప్పించి నడవాలని అక్కడి సైన్యం నియమం పెట్టుకుంది. 2011 జూలైలో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 39 అంతస్తుల భవనం ఒకటి పది నిమిషాల పాటు ఊగింది. వందలాది మంది బయటికి పరుగెత్తారు. భూకంపమా అని చూస్తే, కాదు! పన్నెండో అంతస్తులోని వ్యాయామశాలలో 17 మంది ఒక జోరైన పాటకు కలిసి ఎగురుతూ వ్యాయామం చేస్తున్నారు. వారి అడుగుల లయ భవనపు సహజ లయతో కలిసిందని నిపుణులు తేల్చారు. పదిహేడు మంది మాత్రమే!

అందుకే జనం గెంతే చోట్ల కట్టడాల సహజ పౌనఃపున్యం సెకనుకు 2, 3 గెంతుల లయకు బాగా ఎడంగా ఉండేలా ఇంజనీర్లు చూస్తారు. కర్రలతో, ఇనుప గొట్టాలతో రెండు రోజుల కోసం కట్టే వేదికకు ఈ లెక్క ఎవరు వేస్తారు? పది మంది నిలబడితే నిలిచే వేదిక, అదే పది మంది తాళానికి గెంతితే నిలుస్తుందని చెప్పలేం. ఎందుకంటే గెంతి దిగే మనిషి తన బరువుకు ఎన్నో రెట్ల బలంతో నేలను తాకుతాడు. కనుక పండుగ వేదిక మీదకు గుంపుగా ఎక్కి ఎగరకండి. బడి వరండా, పాతమేడ బాల్కనీ విషయంలోనూ ఇదే జాగ్రత్త. చిందులెయ్యాలని ఉంటే నేల మీద వేయండి. నేల అన్నింటినీ ఓర్చుకుంటుంది.

గోల వల్ల లాభం

శాస్త్రజ్ఞులు కచేరీల గీతలను సరదా కోసం చూడరు. మనుషుల సందడి ఏ గీత గీస్తుందో తెలిస్తేనే దానిలో దాగిన చిన్న భూకంపపు గీతను వేరు చేయగలుగుతారు. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి ప్రపంచమంతా ఇళ్ళలో ఉండిపోయినప్పుడు, మనుషుల వల్ల నేలలో కలిగే సందడి కొన్ని చోట్ల సగం దాకా తగ్గిపోయింది. మామూలు రోజుల్లో మన అడుగులు, చక్రాలు నేలను ఎంతగా కదిలిస్తున్నాయో అప్పుడు బాగా తెలిసివచ్చింది.

ఎన్‌జీఆర్‌ఐ తర్వాతి మెట్రో స్టేషను పేరు 'స్టేడియం'. వేలాది మంది ఒక్కసారిగా లేచి ఎగిరే క్రికెట్ మైదానం, నేల చప్పుడును వినే పరిశీలన కేంద్రం ఇరుగుపొరుగువారన్నమాట! ఈసారి మీ ఊళ్ళో డప్పు మోగినప్పుడు గడియారం చూసి, నిమిషానికి ఎన్ని దరువులో లెక్కపెట్టండి. దాన్ని 60తో భాగిస్తే, చిందులేసే కాళ్ళు నేలను సెకనుకు ఎన్నిసార్లు తడుతున్నాయో మీకే తెలుస్తుంది.