విద్యార్థి చేతికి ఒక ప్రశ్న

1869లో బెర్లిను నగరమున వైద్యవిద్య ముగింపుదశలో నుండిన పౌల్ లాంగర్‌హాన్స్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు, క్లోమగ్రంథిని సూక్ష్మదర్శినితో పరిశీలించుచు, చుట్టునున్న వానితో పోలికలేని చిన్న కణసముదాయములు అక్కడక్కడ గుంపులు గట్టియుండుట గమనించి, వాని స్వరూపమును శ్రద్ధగా వర్ణించి, అవి యెందులకున్నవో మాత్రము తనకు తెలియదని తన సిద్ధాంతవ్యాసముననే ఒప్పుకొనెను. ఆ తెలియనితనము తీరుటకు అర్ధశతాబ్దము పట్టినది. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయమున, అప్పుడే పట్టపరీక్ష ముగించిన చార్లెస్ బెస్ట్ అను మరియొక యువకుడు, శస్త్రవైద్యుడగు ఫ్రెడరిక్ బాంటింగునకు తోడై, ఆ కణసముదాయముల స్రావమును వేరుపరచు ప్రయత్నమున కుక్కల రక్తములోని చక్కెరను కొలుచుచుండెను. ఆ కృషివలన లభించిన ఇన్సులిన్ మరుసటి జనవరిలోనే 14 ఏండ్ల బాలుని ప్రాణము నిలిపినది.

ఈ రెంటి నడుమ 1916లో జరిగిన సంగతి నాకు మరింత ప్రియమైనది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలలో జే మెక్లీన్ అను విద్యార్థికి, రక్తమును గడ్డకట్టించు పదార్థమును పరిశీలించు పనిని ఆచార్యుడు విలియం హోవెల్ అప్పగించెను. కుక్క కాలేయమునుండి తీసిన సారము, గడ్డకట్టించుటకు మారుగా, రక్తమును గడ్డకట్టనీయకుండుట అతనికి కానవచ్చెను. గురువు వెంటనే నమ్మలేదు. మెక్లీన్ పిమ్మట చెప్పుకొనిన దానినిబట్టి, అప్పుడే తీసిన పిల్లిరక్తమున ఆ సారమును కలిపి, పాత్రను హోవెల్ బల్లపై నుంచి, ఇది ఎప్పుడు గడ్డకట్టునో చెప్పుడని కోరెను. అది గడ్డకట్టనే లేదు. నేడు శస్త్రచికిత్సాలయములలో వాడు హెపారిన్ చరిత్ర ఇచ్చట మొదలగును. గురువు ఊహకు విరుద్ధముగా వచ్చిన ఫలితమును తన చేతిపొరపాటని పారవేయక, మరల చేసి చూచి, గురువు ఎదుటనే పెట్టగలుగు ధైర్యమును వైద్యవిద్యార్థికి నేర్పవలసిన వానిలో మొదటిదిగా నెంచుదును. ఆ ధైర్యమునకు చోటిచ్చు గురువు దొరకుటయు అంతే ముఖ్యము.

ఎంబీబీఎస్ చదువు ప్రతివానిని ఆవిష్కర్తను చేయవలెనని ఎవరును కోరరు. తాను కొలిచినదానిని తానే శంకించుట నేర్పిన చాలును. అందులకు పెద్ద ప్రయోగశాల యక్కరలేదు. పాదరసముతో రక్తపోటు చూచు యంత్రముమీద గీతలు రెండేసి మిల్లీమీటర్ల యెడముతో నుండును గనుక, సక్రమముగా చదివిన కొలతలు 0, 2, 4, 6, 8 అను అయిదంకెలతో ఇంచుమించు సమానముగా ముగియవలెను. అనగా నూటికి ఇరువది చుట్టుపట్ల మాత్రమే సున్నతో ముగియవలెను. ఒక విద్యార్థికి నూరు కేసు షీట్లిచ్చి, చివరి అంకెలను మాత్రము పట్టికగా వ్రాయుమనుడు. 120, 130, 140 అనునవి వరుసగా కనబడుచు, సున్నల సంఖ్య ఇరువదిని ఎంతగా మించిపోవునో అతడే చూచును. ఈ తేడా కాకతాళీయముగా రాదగినదేనా యని లెక్కగట్టు విధానమును గణాంకశాస్త్రము నేర్పును. ఆ షీట్లను ఏరుటలో పక్షపాతము దొరలెనా యని మరియొక ప్రశ్న లేచును. 136 ఉన్న మనిషిని 140గా వ్రాసినందువలన అతడు జీవితాంతము మాత్ర మ్రింగవలసివచ్చునేమో యను చింత అన్నింటికంటె లోతుగా నాటును. తరువాత తన కొలతలనే అట్లు పరిశీలించుకొను విద్యార్థికి పాఠ్యగ్రంథములోని ఏ అధ్యాయమును ఇంతటి వినయమును నేర్పజాలదు.

కొలతను గౌరవించుట యెంతదూరము తీసికొనిపోవునో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమున చూడవచ్చును. మద్రాసు వైద్యకళాశాలలో చదివి హార్వర్డు చేరిన ఆయన, 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీరద్రవములలోని భాస్వరమును రంగు సహాయమున కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతి చేతనుండుటచేతనే కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము వారికి చిక్కినది.

కొలత కుదిరిన పిమ్మట పోలిక రావలెను. క్షయరోగికి శానిటోరియమే శరణ్యమని లోకము నమ్మిన కాలమున, 1956లో మద్రాసునందు ఆరంభమైన పరిశీలనలో, రోగులను వైద్యుని యిష్టముచొప్పున కాక యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి, ఒకరికి ఇంటివద్దను, ఒకరికి శానిటోరియములోను అవే మందులిచ్చి చూచిరి. 1959లో ప్రకటితమైన ఫలితములనుబట్టి ఇరువురును ఇంచుమించు ఒకే తీరున కోలుకొనిరి. వైద్యుడే ఎంచియుండిన, బలహీనులను శానిటోరియమునకు పంపియుండును. అప్పుడా పోలికకు విలువ లేకపోయెడిది.

ఇట్టి పరిశీలనలలో పాల్గొను రోగుల సమ్మతి విషయమున మన కళాశాలలు ఇంకను ఎంతో శ్రద్ధ వహింపవలెను. ఇంగ్లీషు కాగితముపై వేలిముద్ర వేయించుట సమ్మతి కానేరదు. మంచముప్రక్కన కూర్చుండి, “వద్దంటే వద్దనండమ్మా, మీకు చేసే వైద్యంలో ఏ లోటూ రాదు” అని రోగి నమ్మునట్లు చెప్పగలుగుట విద్యార్థికి అభ్యాసముచేతనే అలవడును.

ఇట్టి పరిశోధనాభ్యాసమునకై భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 1979నుండి వైద్యవిద్యార్థులకు రెండు నెలల స్వల్పకాలిక పరిశోధనా వేతనము నిచ్చుచున్నది. అది మేలైన పనియే. కాని రెండు నెలలలో ప్రశ్నను అడుగుటకే సమయము చాలదు. ఇంగ్లండులోని కొన్ని వైద్యకళాశాలలలో విద్యార్థి, వైద్యవిద్య నడుమ ఒక పూర్తి సంవత్సరమును వేరుచేసికొని, పరిశోధనతో కూడిన పట్టము పొందును. మనకంత వెసులుబాటు లేదు. పైగా నీట్ పీజీ భయముచేత పిల్లలు మూడవ సంవత్సరమునుండియే నాలుగు జవాబులలో ఒకదానికి గుర్తు పెట్టు సాధనలో మునిగియున్నారు. అయినను రెండవ సంవత్సరమున చేపట్టిన ఒక చిన్న ప్రశ్నను చివరి సంవత్సరమువరకు, వారమునకొక గంట చొప్పున, ఒకే గురువు చెంత సాగనిచ్చుటకు ఏ కళాశాలకును అభ్యంతరముండరాదు. మార్కులు ఫలితమునకు కాక పనిపుస్తకమునకు ఇయ్యవలెను: తప్పు కొలతను చెరపక ఒక గీత కొట్టి, తేదీ వేసి, ప్రక్కన సరియైనదానిని వ్రాసినాడా, అనుకొన్నది తేలనప్పుడు తేలలేదని వ్రాసినాడా యని గురువు పుటపుటయు తిప్పి చూచి మార్కు వేయవలెను.