ఫార్ములా మారుతి

ఫార్ములా మారుతి భారతదేశంలో రూపొందిన చవకరకం రేసు కార్ల తరగతి. ఇందులోని కారులో ఒక్కరే కూర్చోగలరు. చక్రాలపై కప్పు ఉండదు. తెలుగు మాతృభాషగా గల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980వ దశకం చివర దీనిని రూపొందించాడు.

నిర్మాణం

ఇందులో వాడినది మారుతి 800 కారు ఇంజనే: మూడు సిలిండర్లు, 796 సి.సి. మారుతి 800లో ఇంజను, గేరుబాక్సు ఒకదానికొకటి జతగా ముందు చక్రాల నడుమ అడ్డంగా ఉండి వాటినే తిప్పుతాయి. ఆ జతను డ్రైవరు వెనుకకు మార్చితే అదే వెనుక చక్రాలను తిప్పుతుంది. కొత్త గేరుబాక్సు తయారుచేసే ఖర్చు తప్పుతుంది. విడిభాగాలు ఏ ఊరి దుకాణంలోనైనా దొరికేవి. తలుపులు, పైకప్పు లేక బరువు తగ్గినందున చిన్న ఇంజను సరిపోయింది.

అందరి ఇంజనూ ఒకటే కాబట్టి టైర్లలో గాలి, చక్రాల అమరిక, బ్రేకు వేసే చోటు వంటివే గెలుపోటములను తేల్చేవి. శక్తి తక్కువైన కారులో మలుపు వద్ద పోయిన వేగం త్వరగా తిరిగిరాదు. అందుచేత పొరపాటు వెంటనే తెలిసిపోతుంది. కొత్తవారికి ఇంతకంటే మంచి బడి అరుదు.

పోటీదారులు

నారాయణ్ కార్తికేయన్ తొలి పందెం శ్రీపెరంబుదూరు ట్రాక్‌పై ఈ తరగతిలోనే జరిగింది. 2005లో అతడు ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. దానిని చూడటానికి కరివర్ధన్ లేడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయం ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని అతని పేరే పెట్టారు. మారుతి 800 తయారీ 2014లో నిలిచిపోయింది.