గింజల తొట్టి: క్యాడ్‌లో వంపు రేకును సమతలంగా పరచుట

శంకువు ఆకారపు గింజల తొట్టిని తయారు చేయుటకు ముందుగా చదునైన రేకును కోసి, తరువాత చుట్టవలసి ఉంటుంది. పై వ్యాసం 400 మి.మీ., అడుగు వ్యాసం 100 మి.మీ., ఎత్తు 200 మి.మీ. గల తొట్టిని పరచినపుడు, సుమారు 333 మి.మీ. వెలుపలి వ్యాసార్ధం, 83 మి.మీ. లోపలి వ్యాసార్ధం, 216 డిగ్రీల కోణం గల వలయ ఖండం లభిస్తుంది. ఈ కొలతలను రేకు మందం మధ్యన తీసుకొనాలి. నమూనాలో అతుకు వద్ద సన్నని చీలిక వదలనిదే సాఫ్ట్‌వేర్ సాధారణంగా రేకును పరచలేదు.

తొట్టి పెట్టె ఆకారంలో ఉన్నపుడు మడతల లెక్క కీలకమవుతుంది. వంచినపుడు రేకు వెలుపలి పొర సాగుతుంది, లోపలి పొర కుంచించుకుపోతుంది. పొడవు మారని తటస్థ పొర స్థానాన్ని కె-గుణకం తెలుపుతుంది. 2 మి.మీ. మందం, 2 మి.మీ. లోపలి వ్యాసార్ధం గల 90 డిగ్రీల మడతకు ఈ గుణకం 0.44 అయిన 4.52 మి.మీ., 0.33 అయిన 4.18 మి.మీ. రేకు అవసరం. నాలుగు మడతలకు ఈ తేడా సుమారు 1.4 మి.మీ. అవుతుంది, బోల్టు రంధ్రాలు కలవకుండా పోవుటకు ఇది చాలు. కావున అదే రేకు ముక్కను అదే యంత్రంపై వంచి, కొలిచి, గుణకాన్ని సరిచేసిన తరువాతనే కోతకు పంపాలి.

డిస్క్ నాగలి పళ్ళెం వంటి గోళాకార భాగాలను మాత్రం సాగదీయకుండా పరచుట అసాధ్యం. వాటికి సాఫ్ట్‌వేర్ చూపే చదును ఆకృతి కేవలం ఉజ్జాయింపేనని గ్రహించాలి.