కళాశాలలో జేరుటకు ముందు ఒక ఉమ్మడి పఠనము

అమెరికా దేశమునందలి పెక్కు కళాశాలలలో నొక మంచి యాచారము గలదు. క్రొత్తగా జేరనున్న విద్యార్థులందఱును కళాశాలవారు నిర్ణయించిన యొకే గ్రంథమును వేసవి సెలవులలో జదివి వత్తురు. వైద్యము నేర్వదలచినవారును, వర్తకశాస్త్రము కోరినవారును, కవిత్వమునందు మక్కువ గలవారును ఆ పుస్తకమునే చదువుదురు. పిమ్మట చిన్న చిన్న జట్లుగా గూర్చుండి దానిని గూర్చి చర్చింతురు. ఒకరినొకరెఱుగనివారికి మొదటి దినములలోనే మాటలాడుకొనుటకు ఘనమైన విషయ మొకటి కల్పించుటయే దీని యుద్దేశము.

ఇట్టి పఠనమునకు శీతోష్ణస్థితి మార్పును గూర్చిన గ్రంథములును ఎన్నుకొనబడుచున్నవి. వానిలో ఎలిజబెత్ కోల్బర్ట్ అను పత్రికారచయిత్రి 2006లో ప్రకటించిన ‘ఫీల్డ్ నోట్స్ ఫ్రమ్ ఎ కెటాస్ట్రఫీ’ యొకటి. ఈమె అలాస్కా, గ్రీన్‌లాండు మొదలగు చోట్లకు స్వయముగా బోయి, చూచి వ్రాసెను.

అలాస్కా తీరమున నొక చిన్న దీవిపై షిష్మరేఫ్ అను పల్లె యున్నది. పూర్వము చలికాలమునకు ముందే సముద్రము గడ్డకట్టి, తుపాను అలలనుండి తీరమును గోడవలె కాపాడెడిది. ఇప్పుడా మంచు ఆలస్యముగా గట్టుచున్నందున అలలు నేలను గోసివేయుచున్నవి. ఊరు తరలిపోవలెనని గ్రామస్థులు 2002లోను, మరల 2016లోను వోట్లువేసి నిశ్చయించిరి. అందుకు వలయు ధనము మాత్రము సమకూడలేదు.

దీనికి గారణమేమి? బొగ్గును, నూనెలను మండించునపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది సూర్యుని వెలుతురును లోనికి రానిచ్చును గాని, భూమినుండి వెడలు వేడిని పూర్తిగా బోనీయదు. ఈ గుణమును జాన్ టిండాల్ 1859లో ప్రయోగముచే గనుగొనెను. ఈ వాయువు హెచ్చినచో భూమి యెంత వేడెక్కునో 1896లో స్వీడన్ దేశీయుడగు ఆర్హీనియస్ లెక్కగట్టెను. 1958లో హవాయి ద్వీపమునందలి మౌనా లోవా పర్వతముపై చార్లెస్ కీలింగ్ దీనిని కొలువ నారంభించినపుడు, పది లక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 315 పాళ్లుండెను. 2024 నాటికి 420 పాళ్లు దాటినది.

ఈ విషయ మే యొక్క శాస్త్రమునకును సొంతము గాదు. వేడి యేల హెచ్చుచున్నదో భౌతికశాస్త్రము చెప్పును. కాని బొగ్గు విస్తారముగా గాల్చినవా రొకరును, ఇండ్లు గోల్పోవువారు మఱియొకరును అయినపుడు నష్టము నెవరు భరింపవలెను? ఈ ప్రశ్నకు కొలతపాత్రలు జవాబీయజాలవు. రేపటి యింజనీరును, న్యాయవాదియు, ఉపాధ్యాయుడును కలిసి యాలోచింపవలసిన విషయ మిది. అందువలననే యిది యుమ్మడి పఠనమునకు మిక్కిలి తగియున్నది.

అయితే చదివిన దెల్ల నమ్ముటయు, నచ్చనిదెల్ల త్రోసివేయుటయు పఠనము గాదు. కొలిచి తెలిసికొన్న దేది, ఇకమీద గలుగునని యూహించున దేది, రచయిత యభిప్రాయ మేది యని మూడుగా విభజించి వ్రాసికొనినచో చర్చ కలహముగా మాఱదు.

మా పాఠశాల విడిచి వేర్వేరు కళాశాలలకు బోవు విద్యార్థులారా! ఇకమీద మీరందఱు నొక్క బల్లపై గూర్చుండుట అరుదు. ఈ సెలవులలో నలుగురైదుగురు గూడి యిట్టి గ్రంథ మొకటి చదువుడు. తలిదండ్రులును ఆ సంభాషణలో బాలుగొందురుగాక. దేవుడు మనుష్యుల కప్పగించిన భూమిని గూర్చి కలిసి తెలిసికొనుట, దానిని కలిసి కాపాడుటకు మొదటి మెట్టని మేము నమ్ముచున్నాము.