తలకోనకు పోవాలంటే గైడు ఎందుకు?

బూదికోట అనగానే అందరికీ గుర్తొచ్చేది కొండమీది కోట, అక్కడ పుట్టిన హైదర్ అలీ. నీళ్ళు ఎవరికీ గుర్తురావు. మా కోలారు జిల్లాలో నీళ్ళంటే చెరువు, బోరు, ట్యాంకరు. ఊరి దగ్గరి మార్కండేయ డ్యామ్ నిండితే అదే పండగ. అందుకే జలపాతం అంటే మా ఇంట్లో అందరికీ ఆశ. పోయిన జనవరిలో తొమ్మిదిమందిమి తలకోనకు పోయి వచ్చినాం. మన క్లాసులోనూ ట్రిప్పు మాట నడుస్తోంది కాబట్టి ఆ వివరాలు రాస్తున్నాను.

తలకోన తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలంలో, నెరబైలు దాటినాక, శేషాచలం అడవిలో ఉంది. మా వైపు నుంచి ముళబాగిలు, పుంగనూరు, పీలేరు, భాకరాపేట మీదుగా పోవాలి. ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలోని చోటు. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా కూడా ప్రకటించారు. అందుకని అటవీశాఖ చెక్‌పోస్టులో టికెట్ తీసుకునే లోపలికి పోవాలి. గైడుగా వచ్చేది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. మనం ఇచ్చే డబ్బు ఆ ఊళ్ళకే చేరుతుంది. అడవి నిలిస్తేనే వాళ్ళకు పని.

సిద్ధేశ్వరస్వామి గుడి దాకా బండి పోతుంది. అక్కడి నుంచి నడక. దారి బాగానే కనిపిస్తుంది. "దారి కనబడతానే ఉంది కదా, గైడుకు దుడ్డు దండగ" అన్నాడు మా చిన్నాన్న. గైడన్న నవ్వి ఊరుకున్నాడు.

కొంతదూరం పోయినాక, చెట్టు నుంచి చెట్టుకు ఊయలలాగా పాకిన లావుపాటి తీగ చూపించినాడు. అది గిల్లతీగ. చిక్కుడు జాతిదే కానీ కాయ మూడడుగులకు పైగా పెరుగుతుంది. ఎర్రచందనం చెట్టు కూడా చూపించినాడు. ప్రపంచం మొత్తంలో ఇది సహజంగా పెరిగేది ఈ కొండల్లో, వీటి చుట్టుపక్కలే. కింద పడిన చెక్కముక్క కూడా జ్ఞాపకానికని బ్యాగులో వేసుకోకూడదు. కేసవుతుంది.

జలపాతం ఎత్తు 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైనదని చెబుతారు. వాన లేని జనవరిలో నీళ్ళెట్లా వస్తాయి? ఈ కొండలు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. రాయి నీళ్ళు తాగదు కానీ దానినిండా పగుళ్ళున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన ఆ పగుళ్ళలో దిగి, తర్వాత ఊటలుగా మెల్లగా బయటికొస్తుంది. ఎండాకాలానికి ధార సన్నబడుతుంది.

నీళ్ళు కనబడగానే మా తమ్ముడు పరిగెత్తినాడు. గైడన్న చెయ్యి పట్టి ఆపినాడు. "నీళ్ళు చూసేదానికి ముందు రాయిని చూడు నాయనా, పాచి ఉంది" అన్నాడు. కన్నడంలోనూ పాచి అనే అంటారు కాబట్టి, కన్నడ మాట్లాడే మా అమ్మ వెంటనే మా అందరి చెప్పులూ చూసింది. అప్పుడు ఆయన మూడు సంగతులు చెప్పినాడు.

ఒకటి, మడుగులోకి దూకకూడదు. పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున బండలుంటాయి, లోతు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ఇక్కడ దూకి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

రెండు, మన నెత్తిమీద ఎండ ఉన్నా కొండపైన వాన పడుతూ ఉండొచ్చు. నీళ్ళు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా వెంటనే గట్టెక్కాలి. ఫోటో కోసం కూడా ఆగకూడదు.

మూడు, బండలకు తేనెపట్లుంటాయి. పొగ పెట్టకూడదు, కేకలు వేయకూడదు.

తిరిగొచ్చేటప్పుడు చిన్నాన్న ఆ దుడ్డు తన చేత్తోనే ఇచ్చినాడు.

మనం పోవాలంటే ముందు తారీఖు చూసుకోవాలి. గట్టి వానలప్పుడు జలపాతం దగ్గరికి పంపరు కాబట్టి ఫోన్ చేసి కనుక్కోవాలి. నవంబరు, డిసెంబరు వానలు తగ్గినాక జనవరి మంచిది. జారని చెప్పులు, తాగే నీళ్ళు, మన చెత్త మనమే తెచ్చుకునే సంచి కావాలి. బయల్దేరేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ తలలు లెక్కపెట్టాలి. "ఆడపిల్లలకు అడవి ఎందుకు?" అని మీ అవ్వ అడిగితే కోప్పడకండి. ఎవరి వెంట పోతున్నామో, ఎక్కడిదాకా పోయి ఆగిపోతామో, చీకటి పడకముందే ఎట్లా తిరిగొస్తామో చెప్పండి. మా అవ్వ ఒప్పుకున్నది ఈ మూడు విన్నాకే.