తుపాకీ లేని డ్యూటీ

ఎవరికైనా ఐక్యరాజ్యసమితి డ్యూటీ పడిందంటే మా స్టేషన్లలో ముందు లెక్కేసేది డాలర్లే. నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై మానుకోటలో ఉంటున్నా. సర్వీసులో సగం భూపాలపల్లి అడవి వైపే గడిచింది. డాలర్ల సంగతి అటుంచితే, ఆయుధం లేకుండా పోలీసు ఎట్లా పనిచేస్తాడన్నదే నాకు అంతుపట్టేది కాదు.

అట్లాంటి ఐరాస డ్యూటీ చేసిన అంజనీకుమార్ సారు సర్వీసు చూడండి. 1990 బ్యాచ్ ఐపీఎస్, బీహార్ మనిషి. ఏఎస్పీగా మొదటి పోస్టింగు జనగామ. ఆయన దగ్గర నేను పనిచేయలేదు గానీ, ఆ రోజులు తెలుసు. పీపుల్స్‌వార్ నక్సలైట్ల కాలం. స్టేషన్ల చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్లకంచె. మందుపాతర భయానికి జీపు వదిలి కాలినడకనే పోయేవాళ్లం. అట్లాంటి జిల్లాలో పని మొదలుపెట్టిన ఆఫీసరు 1998-99లో బోస్నియా వెళ్లారు.

1995 డేటన్ ఒప్పందంతో అక్కడ యుద్ధం ఆగింది. ఐరాస పంపిన పోలీసులకు తుపాకీ లేదు, అరెస్టు చేసే అధికారమూ లేదు. స్థానిక పోలీసుల వెంట ఉండి వాళ్ల పని గమనించాలి, తప్పులుంటే రాసి పైకి పంపాలి, శిక్షణ ఇవ్వాలి. మాట్లాడాలంటే దుబాసీ తోడుండాలి.

యుద్ధం ఆగినా, అక్కడ బండి నంబరు ప్లేటు చూస్తే నడిపేవాడు ఏ వర్గం ప్రాంతం వాడో తెలిసిపోయేది. అవతలి వర్గం వాళ్లు ఆపడానికి అదే సాకు. 1998లో అందరికీ ఒకే రకం ప్లేట్లు తెచ్చారు. లాటిన్, సిరిలిక్ లిపులు రెండింట్లోనూ ఒకేలా ఉండే ఏడు అక్షరాలే వాడారు, ఊరి గుర్తు తీసేశారు. జనం భయం లేకుండా అవతలి వైపు పోవడం మొదలైంది. ఏళ్లపాటు రోడ్డు మీద బండ్లు ఆపినవాణ్ని, రేకు ముక్కతో ఇంత పని అవుతుందనుకోలేదు.

ఐరాస పోలీసు డ్యూటీకి కనీసం అయిదేళ్ల సర్వీసు కావాలి. ఇంగ్లీషు, డ్రైవింగు పరీక్షలుంటాయి, ఆయుధాలిచ్చే మిషనైతే ఫైరింగు కూడా. డ్రైవింగు అంటేనే నాకు నవ్వొస్తుంది. మన దగ్గర ఎస్సై కాగానే స్టీరింగు డ్రైవరుకు అప్పజెప్తారు. అక్కడ ఎంత ఆఫీసరైనా మంచులో తన బండి తనే నడుపుకోవాలి.

సారుకు ఐరాస పతకం కూడా వచ్చింది. అది సాహసానికి ఇచ్చేది కాదు, మిషన్‌లో మూడు నెలలు పనిచేసినందుకు. ఆ లెక్కన మా స్టేషన్లో సగంమంది అర్హులే! తర్వాత ఆయన హైదరాబాద్ కమిషనర్ అయ్యారు, 2022 చివర తెలంగాణ డీజీపీ బాధ్యతలు తీసుకున్నారు.

బోస్నియాలో లాగా కాకుండా, 1999లో కొసావో పోయిన ఐరాస పోలీసులకు తుపాకీ, అరెస్టు అధికారం రెండూ ఇచ్చారు. నన్నడిగితే కొసావోకే పేరిస్తా. బోస్నియా డ్యూటీ నావల్ల అయ్యేది కాదు.